హైటెక్ సిటీ నుంచి భీమిలి తీరానికి: కుటుంబ యాత్రలో రెండు జాగ్రత్తలు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో స్థిరపడిన కుటుంబాలలో కోస్తా జిల్లాల వారు అనేకులు. సంక్రాంతికి, వరుస సెలవులకు సొంత కార్లలో విశాఖ తీరానికి వెళ్ళడం వీరికి పరిపాటి. 600 కిలోమీటర్లకు పైబడిన ఈ యాత్రలో రెండు ఘట్టాలు ప్రత్యేక శ్రద్ధను కోరుతాయి. ఒకటి రాత్రివేళ రహదారి, రెండవది గమ్యం చేరిన తరువాత నీటి అంచు.

రహదారి: గచ్చిబౌలి వద్ద 158 కిలోమీటర్ల బాహ్య వలయ రహదారి ఎక్కి, పెద్ద అంబర్‌పేట వద్ద దిగితే 65వ నంబరు జాతీయ రహదారి చేరవచ్చును. సూర్యాపేట, కోదాడ మీదుగా విజయవాడ వరకు, అక్కడినుంచి 16వ నంబరు రహదారిపై ఏలూరు, రాజమహేంద్రవరం, తుని మీదుగా విశాఖపట్నం వరకు మార్గం సాగుతుంది. పగలంతా విధులు నిర్వహించి రాత్రికే బయలుదేరడం ప్రమాదకరం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు, చోదకునికి మూడు సెకన్ల కునుకు పట్టేలోగా 80 మీటర్లు దాటిపోతుంది. విజయవాడలో గానీ, రాజమహేంద్రవరంలో గానీ రాత్రి బస చేయడం శ్రేయస్కరం. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు సీటు బెల్టు లేక పిల్లల రక్షణ ఆసనం తప్పనిసరి. ఉల్లంఘనకు వెయ్యి రూపాయల జరిమానా ఉన్నది.

తీరం: విశాఖ నుంచి భీమునిపట్నం వరకు సముద్రం వెంట సాగే రహదారిపై 2002లో ప్రదర్శనశాలగా మారిన కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ, తొట్లకొండ బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు వరుసగా దర్శనమిస్తాయి. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలిలో డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి.

కడలి: ఒడ్డుకు చేరిన కెరటాల నీరు ఇరుకైన పాయగా వేగంగా వెనుకకు మరలుతుంది. దీనినే రిప్ కరెంట్ అంటారు. ఆ పాయపై కెరటాలు అంతగా విరగవు కనుక అదే ప్రశాంతమైన చోటని కొత్తవారు భ్రమపడతారు. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ నుంచి బయటపడవలెను. లైఫ్ గార్డులు లేని చోట పిల్లలను నీటిలోకి దింపరాదు.

సముద్రం లేని హైదరాబాదులోనే సముద్ర సమాచారం లభించడం విశేషం. హైటెక్ సిటీకి ఉత్తరాన ప్రగతినగర్‌లో గల భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం (ఇన్‌కాయిస్) 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రాన్ని నిర్వహిస్తున్నది. ఎత్తైన కెరటాల హెచ్చరికలను కూడా జారీ చేస్తుంది. స్థానికంగా గాలి లేకపోయినా, వేల కిలోమీటర్ల దూరాన దక్షిణ హిందూ మహాసముద్రంలో పుట్టిన కెరటాలు మన తీరాన్ని తాకవచ్చును. ఆకాశం నిర్మలంగా ఉన్నంత మాత్రాన సముద్రం సురక్షితమని భావించరాదు.

హెచ్చరిక తీర జిల్లాకు సంబంధించినదైనా, అది చేరవలసిన వారిలో కొందరు ఆ సమయానికి హైదరాబాదులో ప్రయాణ సన్నాహాలలో ఉంటారు. అందువలన సెలవులకు ముందు ఈ హెచ్చరికలను హైదరాబాదు సంచికలలో సైతం ప్రచురించడం, ఐ.టి. సంస్థల ఉద్యోగులకు తెలియజేయడం ప్రాణరక్షణకు దోహదపడగలదు.

అత్యవసర సమయంలో 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారులపై సహాయానికి 1033 నంబర్లకు ఫోన్ చేయవచ్చును.