ఆకాశంలో ఆదాయం, నేల మీద అప్పు

ఇంటెల్‌శాట్ పుట్టినప్పుడు అది కంపెనీ కాదు. 1964లో అమెరికా సహా పలు దేశాలు సహకార సంఘం తరహాలో పెట్టుకున్న ఉమ్మడి సంస్థ. ఖండాల మధ్య ఫోన్లు, టీవీ ప్రసారాలు నడపడం దాని పని. 1965లో ఎగిరిన తొలి ఉపగ్రహం ‘ఎర్లీ బర్డ్’కు 240 ఫోన్ లైన్ల సామర్థ్యం ఉండేది. మన దేశం కూడా 1971లో మహారాష్ట్రలోని ఆర్వి భూకేంద్రం ద్వారా ఈ వ్యవస్థతో కలిసింది.

తర్వాత ప్రైవేటు ఉపగ్రహాలు, సముద్రగర్భ ఫైబర్ కేబుళ్లు పోటీకి వచ్చాయి. 2001లో ఇంటెల్‌శాట్ ప్రైవేటు కంపెనీగా మారింది. కథ మలుపు తిరిగింది ఇక్కడే.

ఉపగ్రహం ఒకసారి కక్ష్యలో కుదురుకుంటే దాదాపు 15 ఏళ్లు పనిచేస్తుంది. టీవీ సంస్థలు ఏళ్ల తరబడి ఒప్పందాలు రాసుకుంటాయి. అంటే నెలనెలా అద్దె వచ్చే ఇల్లు లాంటిది. అద్దె ఖాయమైన ఇంటి మీద ఎవరైనా అప్పిస్తారు. 2005లో పెట్టుబడి సంస్థలు ఇంటెల్‌శాట్‌ను కొన్నది అలాగే. ఈ పద్ధతిని లీవరేజ్డ్ బయ్‌అవుట్ (సొంత డబ్బు కొంతే పెట్టి, మిగతాది అప్పు తెచ్చి, ఆ అప్పును కొన్న కంపెనీ నెత్తినే వేయడం) అంటారు. 2006లో మరో ఉపగ్రహ సంస్థ పాన్‌యామ్‌శాట్‌ను కలుపుకోవడానికి మళ్లీ అప్పు. 2008లో యాజమాన్యం మరోసారి మారింది, అప్పు ఇంకా పెరిగింది. ఇల్లు అదే, తాకట్టు మాత్రం పెద్దదవుతూ పోయింది.

ఈలోగా అద్దెలు తగ్గాయి. 2019లో ‘29ఇ’ అనే ఉపగ్రహం మూడేళ్లకే పాడైంది. అదీ దెబ్బే, కానీ అసలు భారం వడ్డీలదే.

2020లో అమెరికా ప్రభుత్వం 5జీ కోసం సి-బ్యాండ్ (టీవీ సంకేతాలు మోసే రేడియో తరంగాల శ్రేణి)లో కొంత భాగం ఖాళీ చేయమంది. గడువులోగా చేస్తే ఇంటెల్‌శాట్‌కు 487 కోట్ల డాలర్లు వస్తాయి. అయితే ముందు కొత్త ఉపగ్రహాలు కొనాలి. చేతిలో డబ్బు లేదు. ఆ మే నెలలోనే దివాలా రక్షణ కోరింది. 2022లో బయటపడేసరికి సుమారు 1,600 కోట్ల డాలర్ల అప్పు 700 కోట్లకు తగ్గింది. అప్పిచ్చినవాళ్లే యజమానులయ్యారు.

2025 జులైలో లక్సెంబర్గ్‌కు చెందిన ఎస్‌ఈఎస్ సంస్థ 280 కోట్ల యూరోలకు ఇంటెల్‌శాట్‌ను కొనేసింది.