తిరిగే చక్రానికి ఏం తెలుసు?

కిరాణా కొట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పిన్ నొక్కారు. తెర మీద చిన్న చక్రం గిరగిరా తిరుగుతోంది. డబ్బు వెళ్లిందా, లేదా? కొట్టతను మీ ముఖం చూస్తున్నాడు, మీరు ఫోన్ చూస్తున్నారు. చిక్కేమిటంటే, జవాబు ఆ చక్రానికీ తెలియదు.

యాప్‌లో తెర గీసే పని వేరు, సర్వర్‌తో మాట్లాడే పని వేరు. చాలా ఫోన్ల తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. అంటే ఒక్కో చిత్రం గీయడానికి దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లు. సర్వర్ జవాబు కోసం కాచుకునే పని కూడా తెర గీసే థ్రెడ్‌కే అప్పగిస్తే చక్రం కదలదు, బటన్లూ పనిచేయవు. తెరను తాకాక 5 సెకన్లలో స్పందన లేకపోతే, యాప్ స్పందించడం లేదని ఆండ్రాయిడే చెప్పేస్తుంది. అందుకే ఆ నిరీక్షణను వెనకాల మరో థ్రెడ్‌లో ఉంచుతారు. దాంతో, నెట్‌వర్క్ మధ్యలో తెగిపోయినా చక్రం మాత్రం తిరుగుతూనే ఉండగలదు!

ఎంత పని అయిందో చూపే పట్టీ ఉంటే వాడేవారికి నచ్చుతుందని బ్రాడ్ మైయర్స్ 1985లోనే పరిశోధన పత్రం రాశారు. ఎంతసేపో తెలియని నిరీక్షణ, తెలిసిన నిరీక్షణ కంటే ఎక్కువగా తోస్తుందని క్యూల గురించి రాస్తూ డేవిడ్ మైస్టర్ చెప్పిందీ అదే ఏడాది. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు కోసం కాచుకున్నవారికి ఇది కొత్త సంగతేమీ కాదు.

డిజైనర్లు తరచూ చెప్పుకొనే కొలతలు మూడు. 0.1 సెకనులోపు జవాబొస్తే మనకు వెంటనే వచ్చినట్టే. 1 సెకను దాకా ఆలోచన తెగదు. 10 సెకన్లు దాటితే ధ్యాస మరో పని మీదికి పోతుంది. కాబట్టి క్షణంలో తెరుచుకునే పేజీకి చక్రం అక్కర్లేదు, మెరిసి మాయమై చిరాకు పెడుతుందంతే.

క్రిస్ హారిసన్ బృందం 2010లో ఇంకో ప్రయోగం చేసింది. పట్టీ మీద వెనక్కి జారే చారలు పెడితే, అదే సమయం సుమారు 11 శాతం తక్కువగా అనిపించింది. గడియారంలో ఒక్క క్షణమూ తగ్గలేదు! సినిమా డౌన్‌లోడ్‌కు ఈ కిటుకు సరే. డబ్బు విషయంలో మాత్రం నాకిది నచ్చదు.

డౌన్‌లోడ్‌లో ఫైలు పరిమాణం ముందే తెలుస్తుంది కాబట్టి శాతం చెప్పగలరు. యూపీఐలో అలా కుదరదు. మీ బ్యాంకు ఖాతాలో తగ్గించాలి, అవతలి బ్యాంకు జమ చేయాలి, నడుమ ఎన్‌పీసీఐ వ్యవస్థ ఉంటుంది. ఎవరి సర్వర్ ఎంత ఆలస్యం చేస్తుందో యాప్ ఊహించలేదు. దానికి ఖాయంగా తెలిసింది ఒక్కటే: అభ్యర్థన పంపాం, జవాబు రాలేదు. అదే మాట తెర మీద రాస్తే చాలు. గడువు దాటాక చక్రాన్ని ఆపి, ‘పెండింగ్‌లో ఉంది, మళ్లీ చెల్లించకండి’ అని చూపాలి.

‘చెల్లించు’ బటన్‌ను కూడా మొదటి నొక్కుతోనే పనిచేయకుండా చేయాలి. అభ్యర్థనకు ప్రత్యేక సంఖ్య ఉంటే, అదే మళ్లీ వచ్చినా సర్వర్ గుర్తుపట్టగలదు. కానీ కంగారులో రెండోసారి నొక్కినప్పుడు యాప్ కొత్త సంఖ్య పుట్టిస్తే, అది సర్వర్‌కు వేరే చెల్లింపే.

చూపు లేనివారి సంగతి మరీ కష్టం. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ తిరిగే బొమ్మ అర్థాన్ని తనంతట తానే చెప్పకపోవచ్చు. డెవలపర్ ఆ చక్రానికి మాటలు జతచేయకపోతే, పిన్ నొక్కాక వారికి వినిపించేది నిశ్శబ్దమే. ‘చెల్లింపు జరుగుతోంది’ అని పలికించడానికి కావాల్సింది కోడ్‌లో కొద్ది వరుసలే.