‘ఫ్రీ’ అంకె చూసి బెంగపడకండి!

రాత్రంతా నాచారం పారిశ్రామికవాడలో మెషీన్ దగ్గర నిలబడి, పొద్దున్నే ఉప్పల్‌లో బస్సు దిగి, దార్లోనే ల్యాబులో రక్తమిచ్చి ఇంటికెళ్లే యువకుణ్ని ఊహించుకోండి. పెళ్లై మూడేళ్లయినా పిల్లల్లేరు, ఒంట్లో నిస్సత్తువ. సాయంత్రం రిపోర్టు వస్తుంది. ‘ఫ్రీ టెస్టోస్టిరాన్’ ఎదురుగా అంకె తక్కువ. తెలిసినవాళ్లెవరో ఇంజెక్షన్ పేరు చెబుతారు... అక్కడే ఆగాలి.

మగవాళ్లలో టెస్టోస్టిరాన్ ప్రధానంగా వృషణాల్లో తయారవుతుంది. రక్తంలో అది కొంత ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుని, ఇంకొంత అల్బుమిన్‌కి వదులుగా అంటుకుని తిరుగుతుంది. దేనికీ చిక్కకుండా విడిగా ఉండేది సుమారు 2 శాతమే. అదే ఫ్రీ టెస్టోస్టిరాన్. (పేరుకే ఫ్రీ, పరీక్షకి డబ్బు కట్టాల్సిందే!) ఒళ్లు బాగా ఉన్నవారిలో, మధుమేహుల్లో ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది. దాంతో మొత్తం టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించినా ఫ్రీ మామూలుగానే ఉండొచ్చు. వయసు పైబడినవారిలో, థైరాయిడ్ అతిగా పనిచేసేవారిలో ఇందుకు తలకిందులుగా ఉంటుంది. అందుకే డాక్టర్లు ముందు మొత్తం ఎంతో చూసి, అనుమానం ఉంటేనే ఫ్రీ సంగతి పట్టించుకుంటారు.

చిక్కల్లా కొలతతోనే. అంత కొద్ది హార్మోన్‌ని నమ్మకంగా తేల్చేది ఈక్విలిబ్రియం డయాలసిస్ పద్ధతి. కిడ్నీ రోగులకు చేసే డయాలసిస్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇది శ్రమతో కూడిన పని కాబట్టి చాలా ల్యాబులు సులువైన ‘డైరెక్ట్’ పద్ధతిని వాడుతుంటాయి. అది కచ్చితం కాదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాల్లో చెప్పింది. దానికంటే మొత్తం టెస్టోస్టిరాన్, ఎస్‌హెచ్‌బీజీ, అల్బుమిన్ కొలిచి ఫ్రీ ఎంతో లెక్కగట్టడం నయం. ఏ పద్ధతిలో చేశారని ల్యాబువాళ్లని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

వేళ కూడా ముఖ్యమే. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. కాబట్టి ఉదయం 10 లోపు, పరగడుపున రక్తమివ్వాలి. తక్కువొస్తే మరో రోజు మళ్లీ చేయించాలి. జ్వరంతో ఉన్నప్పుడు వద్దు. మరి నైట్ డ్యూటీవాళ్లో? ఈ హార్మోన్ పెరగడం నిద్రతో ముడిపడి ఉంటుంది. రాత్రంతా మేలుకున్నవారికి ఉదయం ఏడు ‘పొద్దున’ కాదు. బాగా నిద్రపోయి లేచాక రెండు మూడు గంటల్లోపు ఇవ్వడం మేలు. షిఫ్టు సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి.

ఇక ఆ ఇంజెక్షన్. బయటినుంచి టెస్టోస్టిరాన్ అందితే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు పంపడం తగ్గించేస్తుంది. దాంతో వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. సూది మానేశాక మళ్లీ మొదలవడానికి నెలలు పట్టొచ్చు. పిల్లల కోసం వేయించుకున్న సూదే పిల్లలు పుట్టకుండా అడ్డుపడుతుందన్నమాట! అందుకే సంతానం కోరుకునేవాళ్లు ముందు వీర్యపరీక్ష, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చేయించాలి. టెస్టోస్టిరాన్ తక్కువై ఎల్‌హెచ్ ఎక్కువుంటే లోపం వృషణాల్లో, రెండూ తక్కువైతే పైన మెదడు దగ్గర ఉందని డాక్టర్లు అంచనాకొస్తారు. కొందరిలో కారణం హార్మోన్ కాదు, జన్యువులు. ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు వీర్యకణాలు లేని కొందరు మగవాళ్లలో వై క్రోమోజోమ్‌లో ముక్కలు లోపించాయని గుర్తించి 2003లో ప్రచురించారు. అలాంటివారికి ఎన్ని సూదులిచ్చినా ఆ ముక్క తిరిగి రాదు.

ఆడవాళ్లకీ ఈ పరీక్ష రాస్తారు. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గి ఫ్రీ టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. నెలసరి తప్పడం, గడ్డంమీద వెంట్రుకలు రావడం వెనక అది ఉండొచ్చు. వీళ్లలో హార్మోన్ ఇంకా తక్కువ కాబట్టి కొలత మరింత కష్టం. పైగా జుట్టు ఊడకుండా వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని పరీక్షల ఫలితాల్ని తారుమారు చేస్తాయి. వేసుకుంటుంటే రక్తమిచ్చే ముందు ఎన్నాళ్లు ఆపాలో అడిగి తెలుసుకోండి.