ప్రశ్న వ్రాయువారెవరు? – ఇటలీ దేశపు అంతర్జాల రాజకీయము

రాజ్యవిషయములు చావడిలో పురుషులు మాటలాడుకొనదగినవనియు, స్త్రీలకు వానితో పనిలేదనియు ఒకప్పుడు పెద్దలు తలంచెడివారు. నేడు ఆ రాజ్యమే పోపులపెట్టె ప్రక్కన, అరచేతి ప్రమాణముగల ఫోనులో కూర్చుండి, గడియకొకసారి మ్రోగుచు మనలను పిలుచుచున్నది. ఎవరు మంచివారో, ఎవరు దొంగలో, ఎవరికి ఓటు వేయవలయునో అన్నియు అదియే చెప్పుచున్నది. ఇట్టి యంత్రమును నమ్మి రాజ్యమునే నడపజూచినవారు లోకమున ఎవరైన గలరా, వారికేమి ఫలము కలిగెను అని విచారించుట మనకు మేలు. అట్టివారు ఇటలీ దేశమున గలరు. వారి వృత్తాంతమును సోదరీమణుల యెదుట ఉంచుచున్నాను.

ఇటలీవారి భాషయు మన తెనుగువలెనే దాదాపుగా అజంతము. ఆ దేశపు స్త్రీలకు ఓటుహక్కు 1945వ సంవత్సరమున లభించెను. 1946 జూను 2వ తేదీన, రాచరికముండవలయునా గణతంత్రము రావలయునా అని దేశమంతయు ఓటు వేసినప్పుడు, స్త్రీలును దేశవ్యాప్తముగ ఓటు వేసిరి. అప్పుడేర్పడిన రాజ్యాంగసభలో 556 మంది సభ్యులుండగా, అందు స్త్రీలు 21 మంది మాత్రమే. ఆనాటి ఓటుకాగితమును నాలుకతో తడిపి అంటింపవలసియుండెను. పెదవిరంగు కాగితమునకు అంటినచో అది గురుతుగా భావింపబడి ఓటు చెల్లకుండ పోవచ్చును గనుక, స్త్రీలు పెదవులకు రంగు లేకుండ రావలయునని మిలాను నగరపు 'కొరియెరె దెల్లా సెరా' పత్రిక హెచ్చరించెను. ఓటు ఎవరిదో తెలియరాదనుటయే ఆ హెచ్చరికలోని ధర్మము. చదువరులు ఈ ముచ్చటను జ్ఞాపకముంచుకొందురుగాక! దీనితో మనకు ముందు పనియున్నది.

ఇక కథానాయకుని గూర్చి. జాన్‌రొబెర్తొ కసలేజ్జొ అనునతడు 1954లో మిలానులో జన్మించెను. మొదట వ్రాతయంత్రములకును, పిమ్మట గణకయంత్రములకును పేరుగన్న ఒలివెత్తి సంస్థలో సాఫ్ట్‌వేరు రచించు పనిలో చేరెను. 1965లోనే బల్లమీద పెట్టుకొనదగిన 'ప్రొగ్రామ్మ 101' అను గణకయంత్రమును లోకమునకు చూపిన సంస్థ అది. కసలేజ్జొ మితభాషి, సభలకు అరుదుగ వచ్చు మనుజుడు. అంతర్జాలము వచ్చినతోడనే వార్తాపత్రికలును, రాజకీయపక్షములును రెండును అనవసరములగునని అతని దృఢవిశ్వాసము. రెండును ప్రజలకును విషయమునకును నడుమ నిలుచు దళారులనియు, అంతర్జాలము దళారిని తొలగించుననియు అతని వాదము. 2004లో తన పేరిట ఒక సంస్థను మిలానులో స్థాపించెను.

వాదము ఎంత గొప్పదైనను దానికొక గొంతుక కావలయును. ఆ గొంతుక బెప్పె గ్రిల్లొ అను హాస్యనటుడు. ఇతడు జెనోవా నగరవాసి. అధికారపక్షమును పరిహసించినందున 1986 తరువాత ప్రభుత్వ టెలివిజనుకు దూరమై, నాటకశాలలలో వేలమందిని నవ్వించుచుండెను. వింతయేమనగా, ఒకప్పుడు ఇతడు రంగస్థలముమీద గణకయంత్రములను సమ్మెటతో పగులగొట్టినవాడు! అట్టివానిని కసలేజ్జొ ఒప్పించి 2005 జనవరిలో అంతర్జాలమున ఒక దినచర్యాపత్రమును తెరపించెను. అది అచిరకాలముననే లక్షలమంది చదువు పత్రమయ్యెను. 2007 సెప్టెంబరు 8న బొలోఞ్ఞ నగరమున మహాసభ జరిపి, నేరము రుజువైనవారు పార్లమెంటున కూర్చుండరాదను శాసనముకొరకు మూడులక్షలకు పైగా సంతకములు సేకరించిరి. 2009 అక్టోబరు 4న 'ఐదు నక్షత్రముల ఉద్యమము' అను పక్షము వెలసెను. ప్రజలసొత్తైన నీరు, పరిసరరక్షణ, ప్రయాణసౌకర్యము, అభివృద్ధి, అంతర్జాలసంబంధము అనునవి ఆ ఐదు నక్షత్రములు.

ఈ పక్షము చేసిన మేలును దాచుట న్యాయము కాదు. పార్టీపెద్దల గుమ్మములు ఎక్కి దిగనక్కరలేకుండ సామాన్యులు అభ్యర్థులైరి. 2013 ఎన్నికలలో నూటికి 25 ఓట్లకు పైగా వచ్చెను. 2016లో వర్జీనియా రాజ్జి రోము నగరమునకు ప్రథమ మహిళా నగరాధ్యక్షురాలయ్యెను. అదే యేట కియార అప్పెందీనో తొరీనో నగరమును గెలిచెను. ఇద్దరును ఈ పక్షమువారే. 2018లో నూటికి 32కు పైగా ఓట్లతో ఇది దేశమున మొదటి పక్షమై మంత్రివర్గమున చేరెను. హాస్యనటుడును, ప్రోగ్రాములు వ్రాయునతడును కలిసి తొమ్మిదేండ్లలో ఇంత సాధించుట సామాన్యమా?

అయినను మన తర్కశాస్త్రము మనకు ఒక సూక్ష్మమును నేర్పియున్నది. కంటికి కనబడినది ప్రత్యక్షము; లక్షణమునుబట్టి ఊహించినది అనుమానము; నమ్మదగినవాడు చెప్పినది ఆప్తవాక్యము. దూరదేశపు వార్త మనకు మూడవ విధముగనే తెలియవలయును. కాబట్టి వార్త వినినంతనే 'ఇది చెప్పినవాడెవడు? అతడు ఆప్తుడా?' అని అడుగవలెను. గ్రిల్లొ పత్రికలమీద యుద్ధము ప్రకటించెను. 2008 ఏప్రిలు 25న తొరీనోలో సభ చేసి, పత్రికలకు ప్రభుత్వమిచ్చు ధనమును నిలుపవలెననెను. 2017 జనవరిలో, పత్రికలు అసత్యము వ్రాసెనా యని విచారించుటకు చీట్లువేసి యెన్నిన పౌరుల పంచాయతీ ఉండవలెననెను. సరియే. కాని అదే సంవత్సరమున, తన పేరిటనున్న పత్రములోని ఒక వ్రాతవిషయమున పరువునష్టపు వివాదము రాగా, సంతకములేని వ్రాతలకు తాను బాధ్యుడను కానని గ్రిల్లొ పక్షము వాదించెను! దళారిని తొలగించినపిమ్మట మాటకు కర్తయే లేకపోయెను. పత్రికకు సంపాదకుడుండును, అతని పేరు అచ్చులో నుండును, తప్పు వ్రాసినచో అతనిని అడుగవచ్చును. కర్తలేని వాక్యము వ్యాకరణములో చెల్లునేమోగాని వార్తలలో చెల్లదు.

కసలేజ్జొ 2016 ఏప్రిలు 12న మరణించెను. ఆ దినములలోనే అతడు తలపోసిన యంత్రసభ వెలువడెను. దానికి 'రూసో' అని పేరు. ప్రజల అధికారము ప్రతినిధులకు అప్పగింపరానిదని వాదించిన 18వ శతాబ్దపు తత్త్వవేత్త పేరది. (స్త్రీవిద్య పురుషుని సుఖముకొరకే యుండవలెనని వ్రాసినవాడును ఆయనయే. మహాపురుషుల వాక్యములనైనను జల్లించియే గైకొనవలెను.) పక్షసభ్యులు ఇంటనుండియే అభ్యర్థులను ఎన్నుకొనుటకును, గొప్ప నిర్ణయములపై అవునని గాని కాదని గాని చెప్పుటకును ఆ సభ ఏర్పడెను. 2018 మే నెలలో మంత్రివర్గపు ఒప్పందముపై 44,796 మంది ఓటువేయగా నూటికి 94 మంది సమ్మతించిరి. 2019 సెప్టెంబరులో మరియొక పక్షముతో చేరుటకు 79,634 మంది ఓటువేసిరి. నూటికి 79 మంది సరియనిరి. ఆ పక్షమునకు సాధారణ ఎన్నికలలో ఓటువేసినవారు కోటికి పైబడినవారని గుర్తుంచుకొన్నచో, ఈ సంఖ్యలు ఎంత స్వల్పములో తెలియును.

ఇంతకంటె ముఖ్యమైన చిక్కు ఇంకొకటి. 2019 ఫిబ్రవరిలో, దేశాంతరవాసులను ఓడలో నిలిపివేసిన మంత్రి సాల్వీనిపై న్యాయవిచారణకు అనుమతి ఈయవలెనా అని సభ్యులనడిగిరి. ప్రశ్నను వ్రాసిన తీరుచే, అవునన్నచో అనుమతి నిరాకరించుటయు, కాదన్నచో అనుమతి నిచ్చుటయు అయ్యెను! ఈ తలక్రిందుల ప్రశ్నను గ్రిల్లొయే బహిరంగముగ వేళాకోళము చేసెను. 52 వేలమందికి పైగా ఓటువేయగా నూటికి 59 మంది విచారణ వలదనిరి. 2021 ఫిబ్రవరిలో ద్రాగి మంత్రివర్గమునకు తోడ్పడవలెనా అని అడిగిరి. ఆ ప్రశ్నలోనే పరిసరరక్షణకు ఒక మహామంత్రిత్వశాఖ వచ్చుననియు, పక్షము సాధించిన ఫలములు రక్షింపబడుననియు తీపిమాటలు చేర్చిరి. పిల్లవానిని 'మందు త్రాగెదవా?' అనక 'తేనెతో కలిపిన బలవర్ధకమును త్రాగెదవా?' అని అడిగినట్లున్నది గదా!

కురుసభలో ద్రౌపది, 'ధర్మరాజు తన్ను ముందుగ నోడెనా, నన్ను ముందుగ నోడెనా?' అని అడిగినప్పుడు భీష్ముడంతవాడు బదులు చెప్పలేక తల్లడిల్లెను. సభాబలమంతయు ఒక దిక్కు, ప్రశ్న ఒక దిక్కు. ప్రశ్నకు అంతటి శక్తి గలదు. యంత్రసభలో బదులు చెప్పు హక్కు అందరికిని దొరకెను. ప్రశ్న వేయు హక్కు మాత్రము కొందరియొద్దనే నిలిచెను. ద్రౌపదికుండిన అవకాశము రూసో సభ్యురాలికి లేదు.

ఇప్పుడు పెదవిరంగు ముచ్చటకు వత్తము. 2017 ఆగస్టులో కొందరు గణకనిపుణులు రూసో తలుపులు ఎంత సులభముగ తెరచుకొనునో చూపిరి. ఇటలీలో పౌరుల ఆంతరంగిక విషయములను కాపాడు ప్రభుత్వాధికారసంస్థ విచారణ జరిపి, ఓటుతోపాటు ఓటరు ఫోను సంఖ్య చేర్చబడియుండెననియు, ఆ యంత్రమునకు ఆధారమైన ప్రోగ్రాము ఎన్నడో కాలముచెల్లినదనియు తేల్చెను. 2019 ఏప్రిలులో 50,000 యూరోల జరిమానా విధించెను. 1946లో ఒక్క పెదవిరంగు మరక ఓటును చెల్లకుండ చేయునేమోయని భయపడిన దేశమున, ఓటరు ఫోను సంఖ్యయే ఓటు ప్రక్కన నిలిచెను! రహస్యము లేని ఓటు భర్తకును, యజమానికిని, నాయకునికిని భయపడు ఓటు. ఈ మాట పురుషులకంటె స్త్రీలకే ఎక్కువగ తెలియును.

అయినచో యంత్రములన్నియు చెడ్డవియేనా? కాదు. అదే మిలాను నగరమువారు కరోనాకాలమున, 2020 జూనులో, 'ఇమ్మూని' అను ఫోను ప్రోగ్రామును చేసిరి. ఆపిల్ ఫోనులకు స్విఫ్టు అను భాషలోను, ఆండ్రాయిడు ఫోనులకు కోట్లిను అను భాషలోను వేరువేరుగ వ్రాసి, ఆ వ్రాతనంతటిని ఎల్లరు పరీక్షించునట్లు బహిరంగపరచిరి. ఇద్దరు దగ్గరగ నిలిచినప్పుడు వారి ఫోనులు అర్థములేని సంకేతములను మార్చుకొనును. పేరు లేదు, సంఖ్య లేదు, ఊరు లేదు. ఒకరికి రోగము సోకినచో రెండవవారికి హెచ్చరిక వచ్చును. ఫోను చిన్నయంత్రము, దాని విద్యుత్తు అల్పము, కావున ప్రోగ్రాము పొదుపరియైన గృహిణివలె అక్కరగల పనియే చేసి తక్కినవేళ నిద్రింపవలెను. ఇదియే ఫోనుకొరకు వ్రాయువారి విద్య.

ఆ ప్రోగ్రాములో మొదట నుంచిన బొమ్మలో తల్లి బిడ్డనెత్తుకొని యుండెను, తండ్రి గణకయంత్రముముందు కూర్చుండెను. స్త్రీలు ఆక్షేపింపగా కొలదిదినములలోనే బొమ్మను మార్చి, బిడ్డను తండ్రిచేతికిచ్చి, యంత్రమును తల్లిముందు పెట్టిరి. వ్రాసినవారు పేరుతో ఎదుట నున్నందుననే ఆక్షేపించుటయు, దిద్దుటయు సాధ్యమయ్యెను. అయినను ఇమ్మూని సఫలము కాలేదు. ఆరుకోట్ల జనులలో ఆ సంవత్సరాంతమునకు కోటిమంది ప్రాంతము మాత్రమే దానిని గైకొనిరి. కొన్నిచోట్ల ఆరోగ్యోద్యోగులు రోగుల సంకేతములను నమోదే చేయలేదు. 2022 డిసెంబరు 31న అది ముగిసెను. మంచి యంత్రమునకైనను వెనుక మనుష్యుల శ్రద్ధ ఉండవలెను.

మరియొక నిదర్శనము. ప్రజాభిప్రాయసేకరణమునకు కావలసిన అయిదులక్షల సంతకములను ఫోనుద్వారా చేయవచ్చునని 2021లో శాసనము చేసిరి. పరదేశీయులకు పౌరసత్వపు గడువును పదేండ్లనుండి అయిదేండ్లకు తగ్గింపవలెనను కోరికకు 2024 సెప్టెంబరులో అయిదులక్షలకు మించిన సంతకములు వచ్చెను. కాని 2025 జూనులో ఓటుశాలకు వచ్చినది నూటికి 30 మంది మాత్రమే; సగముమంది రానిదే అది చెల్లదు. వ్రేలు కదలుట వేరు, కాలు కదలుట వేరు.

ఐదు నక్షత్రములవారు 2021లో రూసోతో తెగతెంపులు చేసికొనిరి. 2022 ఎన్నికలలో వారికి నూటికి 15 ఓట్లే దక్కెను. ఆ యేటి అక్టోబరు 22న వేరు పక్షమునకు చెందిన జోర్జా మెలోని ఇటలీకి ప్రథమ మహిళా ప్రధానియయ్యెను. 2024లో సభ్యులు అంతర్జాలమున ఓటువేసి, గ్రిల్లొకున్న శాశ్వతపదవినే రద్దుచేసిరి. ఆయన మరల ఓటువేయుడని కోరగా, మరల వేసి మరింత ఆధిక్యముతో తొలగించిరి! తాను పెంచిన ఓటుచేతనే తాను దిగవలసివచ్చెను.

మన తెనుగునాట ప్రోగ్రాములు వ్రాయు కొడుకులును, కూతుండ్రును, కోడండ్రును ఇంటింట నున్నారు. వారినడిగి తెలిసికొనుడు: ఈ ఫోనులో మనకు ఏ వార్త ముందు కనబడవలెనో నిర్ణయించువారెవరు? దేనిని నొక్కితిమో వ్రాసిపెట్టుకొనువారెవరు? వారట్టి ప్రోగ్రాము వ్రాయుచున్నచో, నిజాయితీగ వ్రాయుడని తల్లులుగ చెప్పుడు. కర్త పేరులేని వార్తను చుట్టములకు పంపకుడు. అవునా కాదా అని ఎవరైన అడిగినప్పుడు, బదులు చెప్పకముందు ప్రశ్ననే రెండుమారులు చదువుడు. బియ్యము ఏరకుండ ఎసట పోయని చేతులు మనవి. మాటను ఏరకుండ మనసున పోసికొందుమా?