బుడగలు ఆగిన రాత్రి

2024 సెప్టెంబరు 1. మున్నేరు పొంగి పెనుగంచిప్రోలులోకి వచ్చింది. మా ఇంట్లోకి నీళ్లు రాలేదుగానీ కరెంటు పోయింది.

అక్వేరియంలో గాలి మోటారు ఆగింది. కాసేపటికి నాలుగు గోల్డ్‌ఫిష్‌లూ పైకొచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఆకలేమోనని మా అమ్మాయి మేత డబ్బా అందుకుంది.

"వద్దమ్మా, వాటికి ఊపిరాడట్లేదు" అన్నాను. మిగిలిన మేత కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది.

చెంబుతో తొట్టిలోని నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నగా అందులోనే పోశాను. పది నిమిషాలకోసారి, తెల్లవార్లూ, ఇద్దరం వంతులవారీగా. ధార పడ్డచోట నీటి పైపొర కదిలి గాలి కలుస్తుంది. అసలు బుడగలు చేసే పనీ ఇదే. 25 డిగ్రీల దగ్గర లీటరు నీరు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటుంది, 30 దగ్గర ఏడున్నరే. అందుకే మా ఎండాకాలపు కోతలంటే నాకు మరీ భయం. పక్క జాడీలోని ఫైటర్ చేపకు ఈ బాధ లేదు. కొరమేనులాగే పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకుంటుంది.

కరెంటు రాగానే ఫిల్టరు వేయలేదు. గంటల తరబడి ఆగితే అందులోని మేలుచేసే బ్యాక్టీరియా చచ్చి, ఆ మురుగంతా తొట్టిలోకి వస్తుంది. స్పాంజిని బకెట్లో, తొట్టి నీళ్లతోనే పిండాను. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే బతికున్న బ్యాక్టీరియా కూడా దక్కదు.

ఇప్పుడు తొట్టి పక్కనే సెల్లులతో నడిచే చిన్న గాలి మోటారు ఉంది. కొత్త సెల్లులు సొరుగులో విడిగా పెట్టాను.