దుకాణంలో లేచింది, ఇంట్లో లేవలేదు

హనుమకొండ చౌరస్తా దగ్గర మా మిత్రుడి కంప్యూటర్ రిపేరు దుకాణానికి ఓ ఇంజినీరింగ్ కుర్రాడు ఒకే సీపీయూను వారంలో మూడోసారి మోసుకొచ్చాడు. "అన్నా, మళ్ల లేస్తలేదు." పాత డెస్క్‌టాప్, కొత్తగా ఎక్కించిన విండోస్ 10. దుకాణంలో ఎన్నిసార్లు ఆపి వేసినా లేస్తుంది. కాజీపేటలో వాళ్లింట్లో మాత్రం నల్లటి తెర మీద బూట్ డివైస్ దొరకలేదన్న ఒక్క ముక్క. కేబుల్ మార్చారు, హార్డ్‌డిస్క్ పరీక్షించారు, విండోస్ మళ్లీ ఎక్కించారు. ఇంటికెళ్లిన మర్నాడే అదే తంతు.

మీట నొక్కగానే ప్రాసెసర్‌కు విండోస్ సంగతే తెలియదు. మదర్‌బోర్డు మీది చిప్‌లో దాచిన చిన్న ప్రోగ్రామే దానికి తొలి పలుకు. 1970ల్లో గ్యారీ కిల్డాల్ తన సీపీ/ఎం వ్యవస్థలో యంత్రాన్ని బట్టి మారే భాగాన్ని విడదీసి బయాస్ అన్నాడు. 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీతో ఆ పేరు చిప్‌లోకెక్కింది. దీనికి తెలిసింది బహు తక్కువ. డిస్క్‌లో మొదటి 512 బైట్లు చదువుతుంది. చివరి రెండు బైట్లూ 55, ఏఏ అయితే సరే, పగ్గాలు వాటికే అప్పగించి తప్పుకుంటుంది. 1983లో డాస్ 2.0 హార్డ్‌డిస్క్‌కు తలుపు తీసినప్పుడు, ఆ కాస్త చోటులోనే నాలుగు పార్టిషన్ల లెక్కకు 64 బైట్లు పోయాయి. ఇక మిగిలింది 446. యూనికోడ్ తెలుగులో అయితే ఓ మాదిరి వాక్యాలు రెండు పట్టడమే గగనం!

ఆ ఇరుకు భరించలేక, 1990ల చివర ఇటానియం ప్రాసెసర్ కోసం ఇంటెల్ కొత్త పద్ధతి మొదలుపెట్టింది. 2005 నుంచి దాని బాగోగులు చూస్తున్నది యూఈఎఫ్ఐ ఫోరం. కొత్తది మొదటి 512 బైట్లలోని కోడ్ జోలికే పోదు. డిస్క్‌లో తనకంటూ ఉన్న చిన్న పార్టిషన్‌ను తెరిచి, అందులోని ఫైలును పేరుతో పిలుస్తుంది. అంటే ఒకే డిస్క్‌కు రెండు కాలాల తలుపులు. విండోస్‌ను పాత పద్ధతిలో ఎక్కించి, బోర్డును కొత్త పద్ధతిలో ఉంచితే, ఫైళ్లన్నీ క్షేమంగా ఉన్నా బోర్డుకు ఆ డిస్క్ బూట్ చేయదగ్గదిగా కనిపించదు. ఓఎస్ ఎక్కించాక బండి మొరాయిస్తే నేను ముందు చూసేది ఇదే. పెన్‌డ్రైవ్‌ను ఏ పద్ధతిలో బూట్ చేశామో విండోస్ ఆ పద్ధతిలోనే కూర్చుంటుంది మరి.

ఇక్కడ సెట్టింగ్ పాత పద్ధతికే పెట్టి పంపారు. మరి ఇంట్లో మార్చిందెవరు?

జవాబు సెటప్ తెరలో ఓ మూల ఉంది. తేదీ 2018 జనవరి 1. మా వాడు నవ్వి, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ ఊడదీసి మీటర్ పెట్టాడు. మూడు వోల్టులుండాల్సిన చోట ఒకటి కూడా లేదు. 1984లో పీసీ ఏటీ యంత్రంలో ఐబీఎం మోటరోలా చిప్ ఒకటి వాడింది. మొత్తం 64 బైట్లు: గడియారానికి 14, మిగతావి సెట్టింగులు గుర్తుంచుకోవడానికి. కరెంటు లేనప్పుడు దాని ప్రాణం బ్యాటరీయే. ఇప్పటి బోర్డుల్లో చాలా సంగతులు ఫ్లాష్ చిప్‌లోకి మారినా, బ్యాటరీ చస్తే ఫ్యాక్టరీ సెట్టింగులకు తిరిగిపోయే బోర్డులు ఇంకా ఉన్నాయి. ఇదీ ఆ బాపతే. దాని ఫ్యాక్టరీ సెట్టింగ్ ఆ కొత్త పద్ధతి, అంటే యూఈఎఫ్ఐ.

దుకాణంలో ప్లగ్ పీకేవాళ్లు లేరు. కంప్యూటర్ ఆపినా ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లై నుంచి అయిదు వోల్టులు బోర్డుకు అందుతూనే ఉంటాయి. వాళ్లింట్లోనేమో పడుకునే ముందు అమ్మ గోడ స్విచ్ ఆపేస్తుంది. దాంతో తెల్లారేసరికి బోర్డు అన్నీ మరచిపోయేది.

కొత్త సీఆర్2032 వేశారు. ఆ అంకెలు దాని కొలతలే: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. పనిలో పనిగా విండోస్‌తోనే వచ్చే ఎంబీఆర్‌టూజీపీటీ అనే ప్రోగ్రామ్ నడిపి, డేటా పోకుండా డిస్క్‌ను కొత్త పద్ధతికి మార్చారు. ఇక సెట్టింగులు ఎగిరిపోయినా బూట్‌కు ఢోకా లేదు.

"ఇగ స్విచ్ బంద్ చెయ్యొద్దని అమ్మకు చెప్పాల్నా అన్నా?"

"చెయ్యనియ్. కరెంటు బిల్లు నువ్వు కడ్తున్నవా?"