తనఖా దావాలకు గడువు ఎంత?

“ముప్పది ఏండ్లు దాటినవి గదా, ఇక భూమి షావుకారుదే” అని గ్రామ పెద్దలు తీర్పు చెప్పుట మేము పర్యటనలలో పలుమార్లు వినియున్నాము. ఈ మాట అన్ని తనఖాలకు చెల్లదు. ఒక కుటుంబమునకున్న భూమి యంతయు ఇట్టి మాటతో చేజారవచ్చును గనుక పంచాయతీ సభ్యులు సంగతి తెలిసికొనియుండుట అవసరము.

తనఖా దావాల గడువులను 1963 నాటి కాలపరిమితి చట్టము నిర్ణయించుచున్నది. భూమిని అప్పగింపక పత్రము మాత్రమే వ్రాసియిచ్చిన సాదా తనఖాలో, ఋణదాత ఆ భూమిని అమ్మించి బాకీ రాబట్టుకొనుటకు 12 సంవత్సరముల గడువు కలదు. ఈ లెక్క పత్రము వ్రాసిన నాటినుండి కాదు, బాకీ చెల్లింపవలసిన నాటినుండి మొదలగును. రెండేండ్ల వాయిదాతో 2010 ఏప్రిల్ 1న వ్రాసిన పత్రముపై 2024 ఏప్రిల్ 1లోగా దావా వేయవలెను. ఆపైన కాలదోషము పట్టును. ప్రతివాది ఆ మాట ఎత్తకున్నను న్యాయస్థానము దావాను కొట్టివేయవలసినదే.

గడువు తీరకముందే ఋణస్థుడు కొంత సొమ్ము చెల్లించి తన సంతకముతో చెల్లు వేసినచో, లేదా బాకీ కలదని వ్రాసి సంతకము చేసినచో, నాటినుండి క్రొత్తగా 12 ఏండ్లు లెక్కకు వచ్చును. పై ఉదాహరణములో 2020లో చెల్లు పడినచో గడువు 2032 వరకు సాగును. 2025లో వేసిన చెల్లు తీరిన గడువును పొడిగింపదు. రచ్చబండ వద్ద నోటిమాటగా ఒప్పుకొనుట గాని, పెద్దల రాజీ ప్రయత్నములు గాని గడువును ఆపవు. (రాజీ మంచిదే, కాగితముమీద పెట్టించుట మరువరాదు.)

భూమిని విడిపించుకొను హక్కు ఋణస్థునకు ఇక లేకుండ చేయుమని కోరు దావా వేరు. దానికి గడువు 30 ఏండ్లు. 1908 నాటి చట్టములో 60 ఏండ్లుండెడిది. సాదా తనఖాపై అప్పిచ్చినవాడు ఇట్టి దావా వేయజాలడు. ముఖ్యముగా షరతుతో కూడిన విక్రయరూప తనఖాలకే ఇది వర్తించును.

భూమిని అప్పగించి ఫలసాయమును అనుభవింపనిచ్చు స్వాధీన తనఖాలోనే పేదలు ఎక్కువగా మోసపోవుచున్నారని మా అభిప్రాయము. ఇందు ఋణస్థునకు విడుదల దావా గడువు 30 ఏండ్లు. అయితే ఆ లెక్క పత్రము తేదీనుండి మొదలుకాదని 2014లో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది. ఫలసాయముతో బాకీ తీరిన నాటినుండి గాని, మిగిలిన సొమ్ము ఋణస్థుడు చెల్లించిన లేక కోర్టులో జమకట్టిన నాటినుండి గాని మాత్రమే అది మొదలగును. ఏండ్లు గడచిన మాత్రమున ఋణదాత ఆ భూమికి యజమాని కాజాలడు.

తాతలనాటి తనఖా యని భూమిపై ఆశ వదలుకొన్నవారు మీ గ్రామమున నున్నచో, ముందుగా రిజిస్ట్రేషను కార్యాలయమునుండి పత్రపు నకలు తెప్పింపుడు. అది ఏ రకపు తనఖాయో, వాయిదా ఎన్నడో, చెల్లులు ఎప్పుడు పడినవో న్యాయవాదికి చూపింపుడు. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవా సంస్థలు ఉచితముగా న్యాయవాదిని ఏర్పాటు చేయును.